అదర్‌ల్యాండ్ నాలుగు సంపుటాలూ చదవాలా, మొదటిదానితో ఆపేయొచ్చా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: టాడ్ విలియమ్స్ రాసిన 'అదర్‌ల్యాండ్' మొదటి సంపుటంలో 150 పేజీలు అయ్యాయి, ఇంకా ఎవరూ అదర్‌ల్యాండ్ అనే ఆ వర్చువల్ లోకంలో, అంటే కంప్యూటర్లు సృష్టించిన మాయాలోకంలో, అడుగు పెట్టలేదు. ఒక స్నేహితుడేమో ఇంత గొప్ప సైన్స్ ఫిక్షన్ ఇంకోటి లేదన్నాడు, ఇంకొకాయన మూడువేల పేజీల సాగదీత అన్నాడు. ఎవరి మాట నమ్మాలి?

ఇద్దరూ అబద్ధం చెప్పలేదండీ. నేను నాలుగు పుస్తకాలూ రెండుసార్లు ఆసాంతం చదివాను, మూడోసారి నచ్చిన చోట్లు ఏరుకుని చదివాను. మా చదువరుల గుంపులో తొమ్మిది మందిమి కలిసి మొదలుపెడితే చివరిదాకా వచ్చింది నలుగురం. ఆపేసిన ఐదుగురూ చెప్పిన కారణాలు నాకు కంఠతా వచ్చు, వాటిలో చాలావాటికి నా దగ్గర జవాబు కూడా లేదు. అయినా మీకు 'ఆపకండి' అనే చెబుతాను. ఎందుకో కాస్త పొడుగ్గా చెప్పాలి, టీ పెట్టుకుని కూర్చోండి.

ముందు లెక్కలు. 'సిటీ ఆఫ్ గోల్డెన్ షాడో' 1996లో, 'రివర్ ఆఫ్ బ్లూ ఫైర్' 1998లో, 'మౌంటెన్ ఆఫ్ బ్లాక్ గ్లాస్' 1999లో, 'సీ ఆఫ్ సిల్వర్ లైట్' 2001లో వచ్చాయి. మొదటిదే 700 పేజీలు దాటుతుంది, చివరిది అంతకంటే లావు. అన్నీ కలిపితే 3000 పైమాటే. ఇవి నాలుగు నవలలు కావు, ఒకే నవలని నాలుగు ముక్కలు చేసి బైండు చేశారు. మొదటి సంపుటం సరిగ్గా అందరూ ఒకచోట చేరి, కథ ఊపందుకునే ఘట్టంలో చటుక్కున ఆగిపోతుంది. అప్పట్లో పాఠకులు ఎంత గోల పెట్టారంటే, రచయిత రెండో సంపుటం ముందుమాటలో ఆ సంగతి ఎత్తి, ఇది ఒకటే పెద్ద కథ అని సంజాయిషీ ఇచ్చుకోవలసి వచ్చింది. మీకు ఆ బాధ లేదు, నాలుగూ ఎప్పుడో వచ్చేశాయి. 1996లో కొన్నవాళ్ళు మాత్రం రెండేళ్ళు ఆగారు.

నాకు ఇంకో రకం తిప్పలు. 2003లో అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ పుస్తకాల మధ్య నాకు దొరికింది రెండో సంపుటం. అట్ట ఊడిపోయి ఉంది, మొదటిది ఆ బండిలోనే కాదు, ఆ వరస మొత్తంలో లేదు. ఇంటికొచ్చి తెరిస్తే అదృష్టం, ప్రతి సంపుటం మొదట్లోనూ జరిగిన కథ ఇస్తారు. దాంతో లాగించేశాను. మొదటిది చేతికొచ్చేసరికి సంవత్సరం దాటింది. ఇప్పుడనిపిస్తుంది, సాగదీత నన్ను పెద్దగా బాధపెట్టకపోవడానికి అదీ ఒక కారణమేమో. వారపత్రికలో సీరియల్‌ని మధ్య సంచిక నుంచి పట్టుకున్నవాడిలా చదివాను.

అసలు దీన్ని అలాగే చదవాలి. చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళు నెలనెలా చదివిన తరం వాళ్ళకి ఈ పద్ధతి ఒంటబట్టి ఉంటుంది. ఒక్కో నెలా ఒక్కో వింత ప్రదేశం, చివర్లో ఒక ఆపద, ఆపైన సశేషం. ఎక్కడికి వెళ్తున్నారన్న తొందర లేదు, ఈ నెల ఎక్కడున్నారన్నదే ముఖ్యం. అదర్‌ల్యాండ్‌లో రెండు, మూడు సంపుటాలు అచ్చం ఇంతే. అన్ని లోకాల గుండా ఒకే నది పారుతుంది, పాత్రలు పడవెక్కి ఒక లోకంలోంచి ఇంకో లోకంలోకి పోతుంటారు. ఒకచోట మనుషులు చీమంత, చీమలు ఏనుగంత. ఒకచోట యూరప్ వాళ్ళు ఏనాడూ ఆక్రమించని అమెరికా ఖండపు నాగరికత. ఒకచోట అంగారకులు దాడి చేసి పాడుపెట్టిన లండన్. ఒకచోట వంటిల్లు, అంటే కార్టూన్ వంటిల్లు. రాత్రి దీపాలార్పాక డబ్బాల మీది బొమ్మలన్నీ లేచి తిరుగుతాయి. అగ్గిపెట్టె మీది రెడ్ ఇండియన్ నాయకుడు సింకులో పడవ నడుపుతాడు. అది చదివాక మా ఇంట్లో చీతా ఫైట్ అగ్గిపెట్టెని కొన్నాళ్ళు అనుమానంగా చూశాను. మా గుంపులో బ్యాంకు ఉద్యోగం చేసే ఆయన సరిగ్గా ఈ వంటింటి దగ్గరే పుస్తకం మూసేశాడు. 'పిల్లాడు కోమాలో ఉంటే వీళ్ళు ఫ్రిజ్ ఎక్కుతున్నారేంట్రా' అన్నాడు. న్యాయమైన ప్రశ్నే.

ఆ పిల్లాడి దగ్గరికే వస్తాను, నేను చెప్పదలచుకున్నదంతా అక్కడే ఉంది.

వర్చువల్ రియాలిటీ గురించిన కథ అనుకుని ఈ పుస్తకం పట్టుకున్నవాళ్ళలో ఎక్కువమంది నిరాశపడ్డారు. నేనేమో వృత్తిరీత్యా వీఆర్ శిక్షణ ప్రోగ్రాములు పరీక్షించే పనిలో ఎనిమిదేళ్ళు ఉన్నవాణ్ణి. హెడ్‌సెట్ పెట్టుకుని రోజుకి నాలుగైదు గంటలు. ఆ అనుభవంతో చెబుతున్నాను, ఇది మంచం మీద పడి ఉన్న శరీరాల గురించిన కథ. వర్చువల్ లోకం ఆ శరీరాలు కనే కల.

పాత్రల్ని వరసగా చూడండి. దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో రెనీ అనే ఆవిడ పాలిటెక్నిక్‌లో పాఠాలు చెబుతుంది. ఆమె తమ్ముడు స్టీఫెన్ నెట్‌లో ఏదో నిషిద్ధ క్లబ్బుకి వెళ్ళి మళ్ళీ లేవలేదు, ఆసుపత్రి మంచం మీద ఉన్నాడు. అమెరికాలో ఓర్లాండో అనే పద్నాలుగేళ్ళ కుర్రాడు. నెట్‌లో ఆడే ఆటలో వాడు థార్గర్ అనే కండల వీరుడు, ఇంట్లో మాత్రం పసితనంలోనే ముసలితనం కమ్ముకొచ్చే ప్రొజీరియా జబ్బుతో గది దాటని రోగి. సెల్లర్స్ అనే వృద్ధుడు ఒళ్ళంతా కాలిన మచ్చలతో చక్రాల కుర్చీలో ఉంటాడు. మార్టీన్ అనే ఆవిడకి చూపు లేదు. అన్నిటికీ మూలమైన దుర్మార్గుడు ఫెలిక్స్ జోంగ్లర్ ప్రపంచంలోనే అత్యంత ముసలివాడు. తొట్టెలో తేలుతూ బతుకుతాడు, నెట్‌లో మాత్రం ఈజిప్టు దేవుడు ఒసైరిస్ వేషం. ఆఖరికి రెనీ కూడా పర్వతాల్లో పాడుబడ్డ సైనిక స్థావరంలో తొట్టెలో పడుకునే లోపలికి వెళ్ళాలి. ఇంతమందిలో ఒంటితో హాయిగా ఉన్నవాడు ఒక్కడైనా ఉన్నాడేమో వెతకండి.

హెడ్‌సెట్ అలవాటు లేనివాళ్ళకి ఇందులో ఏముందో చప్పున తట్టదు. ఒకరోజు ఇంట్లో కూర్చుని ఒక అగ్నిమాపక శిక్షణ ప్రోగ్రాం పరీక్షిస్తున్నాను. చుట్టూ పొగ, మంటలు, కూలుతున్న మెట్లు. గుండె దడదడలాడుతోంది, నిజం. అంతలో ఫిల్టర్ కాఫీ వాసన వచ్చింది. అమ్మ పక్కన స్టూలు మీద గ్లాసు పెట్టి వెళ్ళింది. కళ్ళూ చెవులూ మంటల్లో ఉన్నాయి, ముక్కు మాత్రం మా వంటింట్లో. ఒక్క క్షణంలో ఆ భవనం అంతా అట్టముక్కల సెట్టింగులా అయిపోయింది. గ్లాసు అందుకోబోయి ఒంపేసుకున్నాను, అది వేరే సంగతి. తర్వాత రెండోసారి చదివేటప్పుడు గమనించాను, ఇందులో పాత్రలు లోపల ఎక్కడ తిరుగుతున్నా రచయిత ఏదో ఒక వంకతో బయటి ఒంటిని గుర్తుచేస్తూనే ఉంటాడు. ఆకలి, జ్వరం, రొప్పు. లోపలికి వెళ్ళాక బయటికి రావడం కుదరదు, ఒళ్ళు ఎక్కడో పడి ఉంది, దానికేమవుతోందో తెలియదు. భయమంతా అక్కడ పుడుతుంది. మంటల్నీ రాక్షసుల్నీ కథలో ఎవరైనా పెట్టగలరు, ఈ భయం పెట్టడం కష్టం.

మీరు ఇప్పుడున్న చోటికి దగ్గర్లోనే ఆసుపత్రి ఘట్టం ఉంటుంది, దాటేశారో లేదో. బుకావు అనే అంటువ్యాధి భయంతో ఆసుపత్రి మొత్తం క్వారంటైన్‌లో ఉంటుంది. రెనీ ఒళ్ళంతా కప్పే సూటు తొడుక్కుని తమ్ముడి చెయ్యి పట్టుకోవాలి, మధ్యలో ప్లాస్టిక్ పొర. మొదటిసారి చదివినప్పుడు ఆ పేజీ నాకు గుర్తుండను కూడా లేదు. 2021 మే నెలలో నాన్నగారు కోవిడ్ వార్డులో ఉన్నప్పుడు సాయంత్రం ఐదింటికి నర్సమ్మ తన ఫోన్‌లో వీడియో కాల్ కలిపేది. పీపీఈ తొడుగున్న వేళ్ళు కెమెరాకి అడ్డం వచ్చేవి. నాన్న కనిపించేవారు, మాట వినిపించేది కాదు. ఆ వారంలోనే ఎందుకో ఆ పుస్తకం తీసి ఆ పేజీ వెతుక్కున్నాను. ఆయన కోలుకుని ఇంటికొచ్చారు. అప్పటినుంచి ఈ సిరీస్ సాగదీత అని ఎవరైనా అంటే ఔనంటాను గానీ, దీన్ని అలమరలోంచి తీసెయ్యలేను.

ఓర్లాండో విషయం ఎక్కువ చెబితే మీ ఆనందం పాడవుతుంది. నాకు తెలిసిన పాఠకుల్లో రెనీ మొండితనం మీద విసుక్కున్నవాళ్ళు ఉన్నారు, పాల్ జోనస్ అనే ఇంకో పాత్ర అధ్యాయాలు వస్తే పేజీలు లెక్కపెట్టుకున్నవాళ్ళు ఉన్నారు, ఓర్లాండోని కాదన్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. మూడో సంపుటంలో అందరూ ట్రాయ్ యుద్ధంలోకి వస్తారు. అక్కడ ఓర్లాండోకి అఖిలీజ్ వేషం పడుతుంది. గ్రీకు కథలో అఖిలీజ్ అలిగి డేరాలో కూర్చుంటాడు కదా, వీడు జబ్బుతో లేవలేక డేరాలో ఉంటాడు. బయట సైన్యం మొత్తం వీరుడు ఎప్పుడు లేస్తాడా అని ఎదురుచూస్తుంటుంది. పాత కథనీ రోగి ఒంటినీ ఇంత బాగా కలిపి కుట్టిన చోటు ఈ నాలుగు పుస్తకాల్లోనూ ఇంకోటి లేదు. వంటింటి దగ్గర ఆపేసిన మా బ్యాంకు ఆయనకి ఈ అధ్యాయాలు ఒక్కటే తీసి చదవమని ఇచ్చాను. చదివి పుస్తకం తిరిగివ్వలేదు. అదే ఆయన సమీక్ష అనుకుంటున్నాను.

మనవాళ్ళకి ఈ కథనం కొత్తగా అనిపించదు, ఆ మాట కూడా చెప్పాలి. యోగవాసిష్ఠంలో లీల కథ ఉంది. రాణి లీల భర్త పద్మ మహారాజు చనిపోతాడు, శరీరాన్ని పూలతో కప్పి గదిలోనే ఉంచుతారు. సరస్వతీదేవి లీలని తీసుకెళ్ళి చూపిస్తే ఆ గదిలోనే ఇంకో ప్రపంచం, అక్కడ ఆ భర్తే విదూరథుడనే పేరుతో రాజ్యమేలుతూ ఉంటాడు. లోకంలో లోకం, ఒక లోకంలో కొన్ని రోజులు ఇంకో లోకంలో ఒక జీవితకాలం. పూలకుప్ప కింద శవం మాత్రం అక్కడే ఉంటుంది. విలియమ్స్ అది చదివాడని నేననను. కానీ మన పాఠకులు కొందరు 'లోకాల మధ్య ఇన్ని తలుపులేంటి, గందరగోళం' అన్నప్పుడు నాకు నవ్వొస్తుంది. కాశీమజిలీలు చదివిన ఇంటి పిల్లలకి కథలో కథ గందరగోళమా!

ఇక తప్పుల దగ్గరికి వద్దాం.

రెనీ శిష్యుడు, కలహారీ ఎడారిలోని సాన్ తెగవాడు, పేరు ఆశ్చర్యార్థకంతో మొదలవుతుంది. నాలుకని అంగిలికి కొట్టి, ఎద్దుల్ని అదిలించినట్టు చప్పుడు చేసి, ఆ తర్వాత 'ఖాబు' అనాలి. నేను ఉత్త ఖాబు అనే రాస్తాను. లోపల ఎక్కువభాగం బబూన్ కోతి రూపంలో తిరుగుతాడు. పుస్తకం మొత్తంలో ఇంత మంచివాడు లేడు, అదే వచ్చిన చిక్కు. అడవి మనిషి కాబట్టి పుట్టుకతోనే జ్ఞాని, ఎప్పుడూ తప్పు చెయ్యడు, అవసరమైనప్పుడల్లా ఒక కథ చెబుతాడు. మరోవైపు కిరాయి హంతకుడు డ్రెడ్. వాడి తల్లి ఆస్ట్రేలియా ఆదివాసి. అంటే రెండు ఆదిమ జాతుల్లో ఒకణ్ణి దేవుణ్ణి చేశాడు, ఇంకొకణ్ణి పిశాచాన్ని చేశాడు. రెండు చోట్లా మామూలు మనిషికి చోటు లేదు. మా గుంపులో భద్రాచలం వైపు నుంచి వచ్చిన టీచరమ్మ ఒకావిడ ఉంది. 'మా గురించి సినిమాల్లో కూడా ఈ రెండే వేషాలు' అంది. ఆ మాటకి జవాబు చెప్పగలిగినవాడు ఆరోజు ఎవడూ లేడు, నేను సహా. డ్రెడ్ అధ్యాయాల్లో ఆడవాళ్ళ మీద హింస కూడా మోతాదు మించే ఉంటుంది. రాత్రిపూట చదవద్దు, లేదా నిస్సంకోచంగా దాటేయండి. కథ తెగదు.

న్యాయంగా ఇంకో వైపూ చెప్పాలి. 1996 అంటే దక్షిణాఫ్రికాలో అందరికీ ఓటు వచ్చి రెండేళ్ళు. అప్పుడు ఒక అమెరికన్ రచయిత తన భవిష్యత్తు కథకి నాయికగా డర్బన్ నల్లజాతి స్త్రీని, అదీ కంప్యూటర్ పాఠాలు చెప్పే ఆవిడని పెట్టుకున్నాడు. కాలిఫోర్నియాలో పుట్టినవాడు కాలిఫోర్నియా కుర్రాణ్ణి పెట్టుకోవచ్చు, ఎవరూ అడగరు. డర్బన్ అంటే మనకీ కాస్త చుట్టరికమే. 1860లో మద్రాసు నుంచి ట్రూరో ఓడ వెళ్ళిన దగ్గర్నుంచీ చెరకు తోటల కోసం మన తెలుగువాళ్ళూ అక్కడికి చేరారు. రెనీ వాళ్ళ ఇంటి పేదరికం, తాగుబోతు తండ్రి లాంగ్ జోసఫ్ సణుగుడు, చవక పరికరాలతో నెట్‌లోకి వెళ్తే మొరటు బొమ్మలా కనిపించడం, డబ్బున్నవాడి బొమ్మకి వెంట్రుకలు కూడా గాలికి ఎగరడం, ఇదంతా చాలా దగ్గరగా చూసి రాసినట్టుంటుంది. లాంగ్ జోసఫ్ మీద పాఠకులకి ఎందుకంత కోపమో నాకు అర్థం కాదు. నాకైతే ఆయన వస్తే పండగ. కొడుకుని చూడాలని చెప్పాపెట్టకుండా బయల్దేరి దారంతా అనుకోని చిక్కుల్లో పడే ఆ అధ్యాయాల్ని చాలామంది దండగ అన్నారు. ప్రపంచం మునిగిపోతుంటే అందరి కంటే పనికిమాలిన మనిషి ఒక్కడే ఆసుపత్రికి బయల్దేరాడు. అది దండగ ఎలా అవుతుంది?

ముగింపు మీద మా గుంపులో పెద్ద గొడవే అయింది. ఈ వర్చువల్ లోకాలన్నీ ఉన్న నెట్‌వర్క్ ఎందుకంత నిజంలా ఉంది, దాన్ని నడిపేది ఏమిటి అన్న ప్రశ్నకి నాలుగో సంపుటంలో జవాబొస్తుంది. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఆయన అది చదివి 'ఇది సైన్స్ కాదు, చేతబడి' అని తేల్చేశాడు. ఒక విధంగా నిజమే. విలియమ్స్ దీనికి ముందు పేరు తెచ్చుకుంది డ్రాగన్లూ రాజ్యాలూ ఉన్న ఫాంటసీతో. ఆ చెయ్యి ఇక్కడా మారలేదు. ప్రాసెసర్ ఎంత, బ్యాండ్‌విడ్త్ ఎంత అని లెక్కలు వేసుకునేవాళ్ళకి ఆ జవాబు మింగుడుపడదు. నాకు మటుకు ఆ జవాబు కూడా ఒక శరీరమే. ఇంతకంటే చెప్పను. తర్వాత ఎప్పుడైనా పూర్తి చేస్తే మీరే ఈ వాక్యం దగ్గరికి మళ్ళీ వస్తారు. క్లైమాక్స్ అయిపోయాక ఇంకా చాలా పేజీలు మిగులుతాయి, పెళ్ళయ్యాక అప్పగింతల్లాగా ఒక్కొక్కరి దగ్గరా ఆగి ఆగి వీడ్కోలు చెబుతాడు. కొందరికి అది విసుగు. 3000 పేజీలు కలిసి తిరిగినవాళ్ళు బస్సు దిగగానే చెప్పకుండా వెళ్ళిపోతే నాకు నచ్చేది కాదు.

పాతబడిందా అని కూడా అడిగారు. కుర్రాళ్ళ యాస పాతబడింది, కొన్నిచోట్ల భరించలేం. అధ్యాయాల మొదట్లో వచ్చే చిన్నచిన్న నెట్ వార్తలూ ప్రకటనలూ మాత్రం దాటెయ్యకండి. చదువుతున్నది కల్పనా, మొన్నటి పేపరా అనిపించేవి వాటిలో తగులుతాయి. కొన్ని తర్వాత కథలో తేలతాయి కూడా. ఇంగ్లీషు బరువనిపిస్తే ఆడియోబుక్ ఉంది. జర్మన్ వచ్చినవాళ్ళు ఇంకా అదృష్టవంతులు, హెస్సిషర్ రుండ్‌ఫుంక్ రేడియో దీన్ని 24 గంటల నాటకంగా చేసింది. గంటసేపు సంక్షిప్త శబ్దచిత్రం విని సినిమా చూసేసినట్టు సంతోషపడిన మనకి, ఇరవై నాలుగు గంటల రేడియో నాటకం అంటే అసూయే. 2015లో ఆన్‌లైన్ గేమ్ కూడా వచ్చింది. దాని జోలికి వెళ్ళకండి.

చదివే పద్ధతి అడిగారు కాబట్టి నేను చేసింది చెబుతాను. రోజుకొక అధ్యాయం, అంతే. ఒకే ఊపులో చదవాలని కూర్చుంటే రెండో సంపుటం మధ్యలో ఎవరికైనా ఊపిరాడదు. పాత్రల పేర్లు ఒక కాగితం మీద రాసుకుని పుస్తకంలో పెట్టుకోండి, ఎవరి ఒళ్ళు ఎక్కడ పడి ఉందో పక్కన రాయండి. నా కాగితం మీద 'రెనీ – కొండ, తొట్టె', 'ఓర్లాండో – ఇల్లు', 'స్టీఫెన్ – మంచం' అని ఉంటుంది, కాఫీ మరక కూడా ఉంది. పాల్ జోనస్ పేరు పక్కన మాత్రం ప్రశ్నార్థకం పెట్టాను. మొదటి ప్రపంచ యుద్ధం బురదలోంచి చెట్టెక్కి మేఘాల్లో కోటకి చేరేవాడు, తనెవరో తనకే తెలియనివాడు. మీరూ ప్రశ్నార్థకమే పెట్టండి, చాలా కాలం దాన్ని కొట్టేయాల్సిన పని ఉండదు.

ప్రస్తుతానికి రెనీ, ఖాబు కలిసి మిస్టర్ జేస్ అనే ఆ క్లబ్బులోకి వెళ్ళే ఘట్టం దాకా చదవండి, మీరున్న చోటికి ఎంతో దూరం లేదు. అది చదివిన రాత్రి కూడా నిద్ర మామూలుగా పడితే పుస్తకం ఎవరికైనా ఇచ్చేయండి. పట్టకపోతే రెండో సంపుటం కొనకండి, నా దగ్గర రెండు కాపీలున్నాయి. అట్ట ఊడినది మాత్రం ఇవ్వను.